పత్మాసు గుహ చూపిస్తామనే ప్యాకేజీలతో జాగ్రత్త

అందరికీ వందనాలండీ. "ఏడు సంఘాలు, పత్మాసు" యాత్రకి (బైబిల్ ప్రకటన గ్రంథంలో చెప్పిన ఏడు సంఘాల ఊళ్ళు టర్కీలో, పత్మాసు ద్వీపం గ్రీసులో) డబ్బు కట్టబోతున్నవాళ్ళు దయచేసి ముందు ఇది చదవండి. మా సంఘంవాళ్ళతో, మా అత్తగారితో కలిసి వెళ్ళొచ్చాం. టర్కీలో ఎఫెసు నుంచి లవొదికయ దాకా బాగానే తిప్పారు. దెబ్బ తిన్నది పత్మాసు దగ్గర. ప్రకటన గ్రంథంలోని దర్శనాలు యోహాను గారు చూశారని చెప్పే ఆ గుహలో అడుగైనా పెట్టకుండా తిరిగొచ్చాం.

కరపత్రం మీద గుహ ఫొటో పెద్దగా వేసి, కింద "పత్మాసు దర్శనం" అని రాశారు. తీరా ద్వీపంలో దిగాక కోఆర్డినేటర్ చల్లగా చెప్పాడు: "గుహ ఎంట్రీ మన ప్యాకేజీలో లేదండీ, అది ఆప్షనల్." ఒప్పందం ఆఖరి పేజీలో, కళ్ళద్దాలు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో అలాగే ఉంది. నిజానికి గుహ టికెట్ కొద్ది యూరోలే. వాళ్ళు మిగుల్చుకున్నది టికెట్ డబ్బులు కాదు, అక్కడ రాత్రి బస ఖర్చు.

ఎలాగంటే, పత్మాసులో విమానాశ్రయం లేదు. ఏథెన్స్ పక్కనున్న పిరెయస్ రేవు నుంచి ఫెర్రీలో ఏడెనిమిది గంటలు పడుతుంది. లేదంటే సామోస్ దాకానో, కోస్ దాకానో విమానంలో వెళ్ళి అక్కణ్ణుంచి పడవ ఎక్కాలి. ఇదంతా ఎందుకని ఏజెంట్లు టర్కీ రేవైన కుషాదాసిలో క్రూయిజ్ ఎక్కించేస్తారు. ఓడ ఆగేది కొన్ని గంటలే. మా ఓడ దూరంగా లంగరు వేసింది, చిన్న పడవల్లో స్కాలా రేవుకి చేర్చారు. ఓడవాళ్ళ ఎక్స్‌కర్షన్‌కి ముందే యూరోలు కట్టినవాళ్ళు మొదటి పడవల్లో దిగి బస్సుల్లో వెళ్ళిపోయారు. మా వంతు వచ్చి, కొండెక్కేసరికి తలుపు మూసేశారు. గుహని రోజూ ఉదయం తెరిచి మధ్యాహ్నం మూస్తారు, మళ్ళీ సాయంత్రం తెరిచేది వారంలో కొన్ని రోజులే.

మా అత్తగారికి ప్రకటన గ్రంథం దాదాపు కంఠతా వచ్చు. రాతిలో మూడుగా చీలిన పగులు, యోహాను గారు తల ఆన్చేవారని చెప్పే, వెండి చుట్టిన గుంట, ఇవన్నీ లోపలికెళ్ళినవాళ్ళు చెబితే వినాల్సొచ్చింది ఆవిడ. బదులుగా పైన ఖోరా ఊళ్ళో యోహాను మఠం ముందు ఫొటోలు దిగమన్నాడు కోఆర్డినేటర్. 1088లో మొదలైన మఠం, కోటలా గొప్పగానే ఉంది, కాదనను. కానీ మేం వెళ్ళింది దానికోసమా? పైగా బస్సులో "గుహలోంచి తెచ్చిన రాళ్ళు" అంటూ చిన్న పొట్లాలు అమ్మకానికి పెట్టాడు. 1999 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న చోట రాళ్ళు పెళ్ళగించి అమ్ముకోనిస్తారా? దయచేసి కొనకండి.

కట్టే ముందు ఏజెంటు చేత రెండు సంగతులు రాయించుకోండి: గుహ లోపలి ప్రవేశం ప్యాకేజీలో ఉందని, పత్మాసులో దిగే రోజు, గంట. ఆ రోజు గుహ తెరిచే వేళలు మీరే సరిచూసుకోండి. వేసవిలో ఏజియన్ సముద్రంలో గాలి ఎక్కువైతే ఓడ ఆగకుండానే సాగిపోవచ్చు, అప్పుడు డబ్బు వెనక్కిస్తారో లేదో కూడా అడగండి. వీసా సంగతి మరీ ముఖ్యం. గ్రీసుకి షెంగెన్ (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి) వీసా కావాలి. మన పాస్‌పోర్టుకి టర్కీ ఇచ్చే ఈ-వీసా ఒక్కసారి ప్రవేశానికే, పత్మాసు చూసి మళ్ళీ కుషాదాసిలో దిగితే అది రెండోసారి కిందకొస్తుంది. దీనికి ఏం ఏర్పాటు చేశారో ఏజెంటుని నిలదీసి అడగండి. బట్టల విషయంలో చీరకీ చుడీదార్‌కీ ఇబ్బంది లేదు, మగవాళ్ళు నిక్కర్లతో వెళ్ళకండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, గుహకి మెట్లు దిగి వెళ్ళాలి.

కుదిరితే స్కాలాలో ఒక రాత్రి ఉండే ప్యాకేజీయే అడగండి. రేటు ఎక్కువే, కానీ తెల్లారగానే బస్సులోనో టాక్సీలోనో, ఓపికుంటే పాత రాళ్ళ బాటన నడిచో, ఎవరి వంతు కోసమూ ఆగకుండా వెళ్ళొచ్చు.

రిఫండ్ అడిగితే మాకింకా జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. కరపత్రం, రసీదులు, వాట్సాప్ మెసేజీలు అన్నీ మా దగ్గరున్నాయి, మీరూ ఏదీ డిలీట్ చెయ్యకండి.