ఆనా కింగ్‌స్లీ వంటిల్లు, మా 40 డాలర్ల టవలు

ఫ్లోరిడాలో ఆనా కింగ్‌స్లీ ఉన్న పాత బానిసల తోట చూడ్డానికెళ్లి, జాక్సన్‌విల్‌లో మేం దిగిన మోటెల్ పేరు రాయను కానీ, ముందు దాని సంగతి తేలిస్తే గానీ నా మనసు కుదుటపడదు. ఆన్‌లైన్‌లో గది 89 డాలర్లు. కౌంటర్ దగ్గరికెళ్తే ఆ ఫీజు, ఈ ఫీజు కలిపి 118. గదిలో సిగరెట్ కంపు. పొద్దున్నే మా అత్తయ్య మొహం తుడుచుకుంటే తెల్ల టవలుకి కుంకుమ అంటింది. దానికి ఇంకో 40! బయట 6 డాలర్లకి కొత్తది వస్తుంది. కట్టి, టవలు చంకన పెట్టుకుని బయటపడ్డాం. అత్తయ్య దారంతా నోరు విప్పలేదు.

మేపోర్ట్‌లో ఫెర్రీ ఎక్కాం, కారుకి 7 డాలర్లు. వంతెన మీదుగానూ వెళ్లొచ్చు కానీ, పిల్లలుంటే ఫెర్రీయే ఎక్కండి, గూడబాతులు కనిపిస్తాయి.

ఫోర్ట్ జార్జ్ దీవిలోని కింగ్‌స్లీ ప్లాంటేషన్‌కి, అంటే ఆ తోటకి, టికెట్టే లేదు. ఈ ట్రిప్పులో నాకు బాగా నచ్చింది ఇదే.

ఆనా అసలు పేరు అంటా మజిగీన్ ఎన్‌డియాయ్. సెనెగల్ పిల్ల. 1806లో, 13 ఏళ్ల వయసులో పట్టుకొచ్చి హవానాలో అమ్మితే కింగ్‌స్లీ అనే తోటల యజమాని కొన్నాడు. ఫ్లోరిడా అప్పుడు స్పెయిన్ చేతిలో ఉంది. తర్వాత ఆవిడ అతని పిల్లలకి తల్లయింది. 1811లో అతనే ఆవిణ్ణి బానిసత్వం నుంచి విడుదల చేశాడు. ఏడాది తిరిగేసరికి సొంత పొలం, అందులో 12 మంది బానిసలు! 1813లో అమెరికన్ తిరుగుబాటుదారులు మీదికొస్తుంటే తన ఇంటికి తనే నిప్పుపెట్టింది. మెచ్చుకుని స్పెయిన్ వాళ్లు 350 ఎకరాలిచ్చారు. "అదంతా పడ్డ మనిషి, ఇంకొకళ్లని ఎలా కొనగలిగింది?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

ఈ దీవిలో ఆనా ఉన్నది యజమాని పెద్దింట్లో కాదు, వెనక వంటింటి పైన గదిలో. కింద పొయ్యి, పైన ఆవిడా, పిల్లలూ.

అక్కణ్ణుంచి కొంచెం దూరంలో, అర్ధచంద్రాకారంలో బానిసల గుడిసెలు. 32లో 25 మిగిలాయి, అవీ చాలావరకు మొండి గోడలే. "ఈ పాడు గోడలకా ఇంత దూరం తెచ్చావ్?" అని మొదట సణిగిన అత్తయ్య దగ్గరికెళ్లి వేలితో తడిమింది. గోడ నిండా ఆల్చిప్పలు, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. "ఇది గుల్ల సున్నమయ్యా! మా తాతగారి ఇంటికీ ఇదే వాడారు" అంది. నిజమే. చిప్పల్ని కాల్చి సున్నం చేసి, ఇసుక, నీళ్లు, మళ్లీ చిప్పలు కలిపి పోశారు. అక్కణ్ణుంచి ఆవిడ ఒక్కో గుడిసే కొలతేసినట్టు చూసింది. "ఇంత గదిలో ఎంతమందిని కుక్కారో" అంది.

తిండి దొరకదు, తెచ్చుకోండి. దోమల మందు మర్చిపోతే మీ ఖర్మ. పెద్దింటి లోపల చూడాలంటే ముందే కనుక్కుని వెళ్లండి, మాకు ఆ రోజు కుదరలేదు. ఓక్ చెట్టు కింద ఆ టవలే పరిచి పులిహోర తిన్నాం.

ఫ్లోరిడా అమెరికా చేతికొచ్చి, నల్లవాళ్ల మీద చట్టాలు బిగుసుకున్నాక ఆనా హైతీకి వెళ్లింది. కింగ్‌స్లీ పోయాక అతని చెల్లెలు ఆస్తి కోసం కోర్టుకెక్కితే, తిరిగొచ్చి గెలిచింది. 1870లో చనిపోయింది. జాక్సన్‌విల్‌లోనే క్లిఫ్టన్‌లో, పేరు లేని సమాధిలో ఉందంటారు.

"మరి ఆ గుడిసెల్లో వాళ్లవో?" అంది అత్తయ్య. ఫ్లోరిడా యూనివర్సిటీ తవ్వకాల్లో ఈ తోటలోనే కొన్ని సమాధులు బయటపడ్డాయని చెప్పాను. ఆవిడ గబుక్కున కాళ్లు దగ్గరికి లాక్కుని, టవలు మడతపెట్టడం మొదలుపెట్టింది.