చిన్న ఇల్లు, క్రిస్మస్ చుట్టాలు: ఏళ్లుగా వాడిన పరుపులు, మంచాలు, బాయిలర్ గురించి

మెదక్‌లో ఇల్లుంటే క్రిస్మస్‌కు చుట్టాలు రాకుండా ఉండరు. మా ఊరి పెద్ద చర్చిలో మొదటి ఆరాధన తెల్లవారుజామున చీకటితోనే మొదలవుతుంది. దానికి అందుకోవాలంటే ముందురోజు రాత్రికే ఊళ్లో ఉండాలి, ఎవరో ఒకరి ఇంట్లో పడుకోవాలి. మా అత్తమ్మ వైపు తాతలు ఆ చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసినవాళ్లు. కరువు రోజుల్లో ఆ చర్చి కట్టించిన పోస్నెట్ దొర పని పెట్టించి అన్నం పెట్టాడని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఎక్కడున్నా సరే, డిసెంబర్ 24 సాయంత్రానికి మా గడప తొక్కుతారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన గుడి అది. 2024లో నూరేళ్లు నిండినప్పుడు, రాలేమని ఫోన్ చేసి చెప్పినవాళ్లు కూడా బ్యాగులు పట్టుకుని దిగారు.

మాది ఒక హాలు, ఒక పడకగది, వంటగది, ఒకటే బాత్రూం. హాలు పొడవు 12 అడుగులు, వెడల్పు 10. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఏ సామాను పనికొచ్చింది, ఏది అడ్డమైందో చెప్తాను. నేను ఒక్కటే చూస్తాను: పొద్దున లేచాక ఆ వస్తువు ఎంత చోటు వదిలిపెడుతుంది? రాత్రి అందరూ ఎట్లాగో సర్దుకుంటారు. తెల్లారాక అదే హాల్లో చీరలు కట్టుకోవాలి, పిల్లలకు తల దువ్వాలి, మధ్యాహ్నం అక్కడే భోజనాల బంతి వేయాలి.

అన్నిటికంటే మంచిది మూడు మడతల ఫోమ్ పరుపు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్నదే కొనండి. 2 అంగుళాలది చవకే గానీ పక్కకు తిరిగి పడుకుంటే తుంటి నేలకు తగులుతుంది. మా హాల్లో మూడు పరుపులు పక్కపక్కన పరిస్తే 9 అడుగులు పోయి, బాత్రూంకు వెళ్లడానికి 3 అడుగుల దారి మిగులుతుంది. రాత్రిపూట ఎవరి కాలూ తొక్కకుండా లేచి వెళ్లొచ్చు. పెద్దవాళ్లు ఒక్కొక్కరు, పిల్లలైతే ఇద్దరేసి పడతారు. మడిస్తే ఒక్కోటి అడుగు ఎత్తు దిమ్మె అవుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టి పైన దుప్పటి కప్పితే కుర్చీ కంటే కొంచెం ఎత్తు, చుట్టాలు దానిమీదే కూర్చుని చాయ్ తాగుతారు. ఇంట్లోకి కొత్త వస్తువు రాకుండా కూర్చునే చోటు వచ్చినట్టే.

దీనికి రెండు లోపాలున్నాయి. మొదటిది, మధ్య ముక్క ముందుగా దిగిపోతుంది. నడుము బరువంతా దానిమీదే. మామూలు పరుపైతే తల వైపు, కాళ్ల వైపు మారుస్తాం గానీ ఇందులో ఎటు తిప్పినా మధ్యది మధ్యలోనే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు షాపులో మధ్య ముక్క మీద మోకాలు పెట్టి గట్టిగా నొక్కి చూడండి. నేల తగిలితే వద్దు. కవరుకు జిప్పు ఉందో లేదో కూడా చూడండి. జిప్పు ఉంటేనే తర్వాత ఆ ఒక్క ముక్క మార్చుకోవచ్చు. రెండోది తేమ. మెదక్ చలి సంగతి తెలిసిందే. టైల్స్ నేల మంచులా ఉంటుంది, పైన ఒంటి వేడి, రెండిటి మధ్య ఫోమ్ అడుగున చెమ్మ పడుతుంది. పొద్దున తీసి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, కవరు తడిగా జిల్లుమంటుంది. అట్లాగే మడిచి పెడితే రెండో రాత్రికి వాసన. కింద ఒక చాప, దాని మీద జంపఖానా పరిచి, ఆపైన పరుపు వేస్తే చాలావరకు తగ్గుతుంది. అయినా గుడి నుంచి వచ్చాక ఒక గంట డాబా మీద ఎండలో నిలబెట్టాల్సిందే.

నేల మీద పడుకుని లేవలేని పెద్దవాళ్లకు మడత మంచం తప్పదు. ఇనుప పైపులు, నైలాన్ పట్టీలతో అల్లినది. ఇంట్లో ఒక్కటి ఉంటే చాలు, రెండోది పెట్టే చోటు ఉండదు. కొన్నాళ్లకు పట్టీలు జారి మంచం ఊయలలా వంగుతుంది, నడుముకు మధ్య పైపు తగులుతుంది. మా అత్తమ్మకు దానిమీద పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత వేస్తాను, ఏ ఇబ్బందీ ఉండదు. ఎక్కే ముందు కాళ్ల దగ్గర కొక్కెం పడిందో లేదో మీరే చూడండి, పెద్దవాళ్లను చూసుకోమనకండి.

మా మరిది హైదరాబాద్‌లో ఇల్లు మారుతూ ఇచ్చిన సోఫా కం బెడ్ కూడా ఉండేది. పెద్ద హాలున్నవాళ్లకు బాగుంటుందేమో. మా ఇంట్లో అది విప్పితే తలుపు సగమే తెరుచుకునేది. దానిమీద పడుకున్నవాళ్లు లేస్తే తప్ప మిగతావాళ్లు కదలలేరు. నాలుగింటికి గుళ్లో ఉండాలని అందరూ హడావిడి పడుతుంటే, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషిని లేపాలంటే ప్రాణం ఒప్పదు. సంవత్సరమంతా హాల్లో సగం అదే తింటుంది. చిన్న ఇంటికి వద్దే వద్దు. గాలి పరుపు కూడా వాడాం. చలికి నడిరాత్రికల్లా మెత్తబడుతుంది, అప్పుడు పంపు వేస్తే ఇల్లంతా లేస్తుంది. పైగా కింది నుంచి చలి వీపుకు కొడుతుంది.

పడకల కంటే పెద్ద టెన్షన్ స్నానాలది, దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. 15 లీటర్ల గీజరుతో ఇద్దరు పోసుకుంటే మళ్లీ కాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పదిమందికి లెక్క వేసుకోండి, అర్ధరాత్రి నుంచే లైను కట్టాలి. రాడ్ పెట్టిన బకెట్‌ను పిల్లలున్న ఇంట్లో నేను దగ్గరికి రానివ్వను. చీకట్లో నిద్రకళ్లతో ఎవరో ఒకరు నీళ్లలో చెయ్యి పెడతారు.

మమ్మల్ని ఏటా గట్టెక్కించేది పాత రాగి బాయిలర్. మా ఆయన నాయనమ్మ కాలంది. మధ్యలో గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీళ్లు. పై గరాటాలో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కు పోయి, పైన కాగిన నీళ్లు పక్క మూతి నుంచి బకెట్లో పడతాయి. పోసినకొద్దీ వస్తూనే ఉంటాయి, ఆగాల్సిన పని లేదు. మా దగ్గర మొక్కజొన్న బెండ్లకు కొదవ లేదు. గుప్పెడు వేస్తే భగ్గున అంటుకుంటాయి, ఆ తర్వాత సన్న కట్టెలు వేస్తే మంట నిలబడుతుంది. మూడింటికి ముట్టిస్తే నాలుగు లోపే ఇల్లంతా తయారు. నీళ్లు లేకుండా మాత్రం మంట పెట్టొద్దు, అతుకులు ఊడిపోతాయి. పెరట్లో, వరండాలో తప్ప మూసిన గదిలో అసలు పెట్టొద్దు. ఆ పొగ ప్రాణం తీస్తుంది. బూడిద పళ్లెం దులపడం, ఏడాదికోసారి చింతపండుతో తోమడం, ఇంతే దాని సేవ. కొత్తది కొనాలంటే రాగి ధర ఎక్కువే, పాత సామాన్ల అంగళ్లలో అడగండి. కొనే ముందు నీళ్లు నింపి అతుకులు కారుతున్నాయేమో చూడండి.

వంట సంగతి తేలిక. బగారన్నం, మటన్ బయట పెద్ద పొయ్యి మీద చేస్తాం. పొయ్యి, గంజులు టెంట్ హౌస్ నుంచి తెస్తాం, డిసెంబర్ మొదటి వారంలోనే చెప్పి పెట్టుకోవాలి. గరిజెలు, మురుకులు వారం ముందే డబ్బాల్లోకి ఎక్కుతాయి. చర్చి బట్టల కోసం పడకగదిలో గోడ పొడుగునా దండెం కట్టండి. ఇస్త్రీ చీరలు, చొక్కాలు హ్యాంగర్లకు తగిలిస్తే బ్యాగులు విప్పే పని ఉండదు, బ్యాగులన్నీ మంచం కిందికి పోతాయి.

మిగతా ఏడాదంతా పరుపులు సజ్జ మీద ఉంటాయి. ఎలుకలకు ఫోమ్ అంటే మహా ఇష్టం, అందుకే పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో కట్టి నాఫ్తలీన్ గోళీలు సంచి బయట పెడతాను. లోపల పెడితే ఆ వాసన పండగ రోజు దాకా పోదు. దీపావళి అయిపోగానే దించి ఎండకు వేస్తాను. ఈ ఏడు ఒకదాని మధ్య ముక్క మార్పిస్తున్నాను. పరుపుల షాపులో కొలత చెప్తే కోసిస్తారు: 3 అడుగులు, 2 అడుగులు, 4 అంగుళాల మందం. గట్టి ఫోమే కావాలని చెప్పండి, చెప్పకపోతే మెత్తనిది అంటగడతారు.