మూతపడ్డ స్టేషన్: వేరే పనికి వాడాలా, మళ్ళీ రైలే తేవాలా?

1960, 70లలో ఇంగ్లండ్‌లో చిన్న ఊళ్ళ రైల్వే స్టేషన్లు ఎన్నో మూతపడ్డాయి. వాటిని ఏం చేయాలన్నది ఇప్పటికీ తెగని ప్రశ్నే. రెండు ఊళ్ళు రెండు దారులు పట్టాయి.

ఆనిక్, నార్తంబర్లాండ్: 1887 నాటి భవనం. 1968లో రైళ్ళు ఆగిపోయాయి. 1991 నుంచి అందులో బార్టర్ బుక్స్ అనే పాత పుస్తకాల షాపు నడుస్తోంది.
ఓక్‌హాంప్టన్, డెవన్: 1871 నాటి స్టేషన్. 1972లో రోజువారీ రైళ్ళు ఆగాయి, 2021 నవంబరు 20న మళ్ళీ మొదలయ్యాయి.

ఖర్చు: షాపు చిన్నగా మొదలై మెల్లగా భవనమంతా పరుచుకుంది. ఓక్‌హాంప్టన్ లైనుకు ప్రభుత్వం 4 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించింది.

శ్రమ: ఆనిక్‌లో పట్టాల పని లేదు, ఉన్న భవనాన్నే వాడుకున్నారు: పాత వెయిటింగ్ రూముల్లో చలిమంటలు, అల్మరాల పైన తిరిగే బొమ్మ రైలు. చూడముచ్చటగా ఉంటుంది. ఓక్‌హాంప్టన్‌లో దాదాపు 18 కిలోమీటర్ల మేర పాత పట్టాల స్థానంలో కొత్తవి వేయాల్సి వచ్చింది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఆనిక్‌లో భవనం దక్కింది కానీ దారి పోయింది. పాత రైలు దారిని ఏ1 బైపాస్ రోడ్డు అడ్డంగా కోసేసింది. అందుకే ఔత్సాహికులు నడిపే ఆన్ వ్యాలీ రైలు ఊరి అంచునే ఆగిపోతుంది. ఓక్‌హాంప్టన్‌ను మెల్డన్ క్వారీ కాపాడింది. కంకర రవాణా కోసం పట్టాలు అలాగే ఉంచారు.

దారి తెగిపోయి, భవనం గట్టిగా ఉంటే ఆనిక్ పద్ధతే మేలు. పట్టాలుండి, ఓక్‌హాంప్టన్‌కు ఎక్సెటర్ ఉన్నట్టు దగ్గర్లో ఒక నగరం ఉంటే మాత్రం రైలు కోసమే పట్టుబట్టాలి.