బటన్ల ఫోనా, టచ్‌స్క్రీన్ ఫోనా: బ్లాక్‌బెర్రీ కీ2 సమీక్ష

2018లో వచ్చిన బ్లాక్‌బెర్రీ కీ2ను చేతిలోకి తీసుకుంటే, అక్షరాల బటన్లున్న ఫోన్లను కొందరు ఇప్పటికీ ఎందుకు ఇష్టపడుతున్నారో అర్థమవుతుంది. ప్రతి బటన్ అంచు వేలికి తెలుస్తుంది కనుక తెర వైపు అంతగా చూడకుండానే పొడవైన ఈమెయిళ్లు టైపు చేయవచ్చు. పైగా ఈ కీబోర్డు స్పర్శను కూడా గుర్తిస్తుంది కాబట్టి, బటన్లను నొక్కకుండా వాటి మీద వేలు జరిపితే చాలు, పేజీ పైకీ కిందికీ కదులుతుంది. వేలిముద్ర సెన్సార్ స్పేస్ బార్‌లోనే ఒదిగి ఉంటుంది. ఇంత ఆలోచించి చేసిన కీబోర్డు మరే ఫోన్‌లోనూ నాకు కనిపించలేదు.

అయితే ఆ కీబోర్డు తన చోటును ఎప్పుడూ ఖాళీ చేయదు. అందువల్ల తెర 4.5 అంగుళాలకే పరిమితమై, వీడియోలు చిన్నవిగా కనిపిస్తాయి. టచ్‌స్క్రీన్‌లో టైపు చేయడం ముగియగానే కీబోర్డు తప్పుకుని తెరంతా మిగులుతుంది; భాష మార్చగానే అక్షరాలూ మారతాయి. బటన్ల మీద ముద్రించిన అక్షరాలు మారవు కనుక, గుణింతాలూ వత్తులూ తరచుగా టైపు చేసేవారికి ఇది చిన్న తేడా కాదు.

భద్రత మరింత ముఖ్యం. కీ2 ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే ఆగిపోయింది. తయారీదారైన టీసీఎల్ 2020 ఆగస్టు 31తో బ్లాక్‌బెర్రీ ఫోన్ల అమ్మకాన్ని నిలిపివేసింది. భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఇక అందవు కనుక, బ్యాంకు లావాదేవీలు చేసే ఫోన్‌గా దీన్ని నేను సిఫారసు చేయను. అందుకు అప్‌డేట్లు అందుతున్న టచ్‌స్క్రీన్ ఫోనే తగినది.