మస్టాంగ్ జీటీతో ఆరేళ్లు: ముందు టైర్లు, తర్వాతే ట్యూన్

నాది 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. ఆరు గేర్ల మాన్యువల్, మెరుగైన బ్రేకులు, టైర్లతో వచ్చే పెర్ఫార్మెన్స్ ప్యాక్ లేనిది. 2019 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు 14 వేల మైళ్లు తిరిగి ఉంది, ఇప్పుడు 71 వేలు దాటింది. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆఫీసుకీ, శనివారం హనుమాన్ గుడికీ, ఏడాదికి నాలుగైదుసార్లు ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్‌కీ (తిన్నగా ఉండే రేసు ట్రాక్) ఇదే కారు. గుడి పార్కింగ్‌లో దీన్ని చూసిన మన కుర్రాళ్లు దగ్గరికొచ్చి మొదట అడిగేది, "అన్నా, ట్యూన్ ఎక్కడ చేయించావు?" అని. ట్యూన్ అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ ఫైలు మార్చడం. టైర్ల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఈ కారుకి పవర్ తక్కువ కాదు. 5.0 లీటర్ల కయోటీ వీ8, 7000 ఆర్‌పీఎం దగ్గర 460 హార్స్ పవర్. అంత పవర్‌ని రోడ్డు మీదికి దించాల్సినవి మాత్రం 235 వెడల్పున్న ఆల్ సీజన్ టైర్లు. మొదటిసారి స్ట్రిప్‌కి వెళ్లి క్లచ్ వదలగానే కారు వెనక భాగమంతా దడదడా ఎగిరింది. ఏదో విరిగిపోయిందనుకుని కాలు తీసేశాను. దాన్ని వీల్ హాప్ అంటారు. 2015 నుంచి మస్టాంగ్‌కి వెనక ఒక్కో చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. దాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ (లోహపు చట్రం) మెత్తటి రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది. గట్టిగా పవర్ ఇస్తే ఆ ఫ్రేమ్ మెలిపడి, మళ్లీ వెనక్కి వస్తుంది. టైరు పట్టు దొరికి జారుతుంది, దొరికి జారుతుంది. అలాగే తొక్కుతూ పోతే యాక్సిల్ షాఫ్టులు విరిగే ప్రమాదముంది.

దీనికి క్రేడిల్ లాకౌట్ కిట్ అని దొరుకుతుంది. ఆ రబ్బరు బుష్‌లు కదలకుండా పట్టి ఉంచే లోహపు ముక్కలు, రెండు వందల డాలర్ల లోపే. గ్యారేజీలో జాక్ స్టాండ్ల మీద కారు లేపి, ఒక మధ్యాహ్నంలో బిగించేశాను. వెనక చక్రాలకి 275 వెడల్పు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ వేశాను. వీల్ నట్లు మాత్రం టార్క్ రెంచ్‌తోనే బిగించండి, ఈ కారుకి 150 పౌండ్ అడుగులు. ఇంజిన్‌ని ముట్టుకోకుండానే నా క్వార్టర్ మైలు టైమ్ (స్ట్రిప్ మీద పావు మైలు దాటే సమయం) 13.1 నుంచి 12.7 సెకండ్లకి వచ్చింది. వర్షంలో హైవే ఎక్కేటప్పుడు ఉండే టెన్షన్ కూడా చాలావరకు పోయింది. నాకు రెండోదే ఎక్కువ సంతోషం. ఒక జాగ్రత్త ఉంది. ఇవి సమ్మర్ టైర్లు. చలి ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కారు వారమంతా గ్యారేజీ దాటలేదు.

తర్వాత ఎనిమిది వందల డాలర్లు పెట్టి వెనక సైలెన్సర్లు మార్చాను. అది తప్పు. పవర్ కొలిచే డైనో యంత్రం మీద ఒక్క హార్స్ పవర్ కూడా పెరగలేదు. హైవే మీద నిలకడగా వెళ్తుంటే చెవుల్లో ఒకటే హోరు, వెనక సీట్లో పాప నిద్రపోయేది కాదు. ఏడాదిలో పాతవే మళ్లీ బిగించాను.

ఇక ట్యూన్. కంపెనీ పవర్‌ట్రెయిన్ వారంటీ ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లు. అది ఉన్నంతకాలం నేను దాని జోలికి వెళ్లలేదు. బయటి పార్టు వేసినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఉంది కానీ, ట్యూన్ చేసిన ఇంజిన్ పాడైతే ఆ వాదన నెగ్గడం కష్టం. 2023లో వారంటీ అయిపోయాక కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి చల్లటి గాలి తెచ్చే గొట్టం) వేసి, ఒక షాపు దగ్గర రెడీమేడ్ ట్యూన్ ఫైలు కొన్నాను. మార్పులేవీ లేనప్పుడు డైనో మీద చక్రాల దగ్గర 404 హార్స్ పవర్ వచ్చిన కారు (ఇంజిన్ ఇచ్చే 460లో కొంత చక్రాల దాకా చేరే దారిలోనే పోతుంది), ఈ ఫైలుతో జులై ఎండలో 398 ఇచ్చింది. డబ్బు పోసి పవర్ తగ్గించుకున్నాను.

కారణం డేటా లాగ్, అంటే కారు నడిచేటప్పటి సెన్సర్ల రికార్డు, తీస్తే తెలిసింది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఎమ్‌ఏఎఫ్ సెన్సర్ కొలుస్తుంది. ఇన్‌టేక్ గొట్టం లావు మారితే, అదే రీడింగ్‌కి లోపలికి వెళ్లే గాలి మారిపోతుంది. నా ఫైలు వేరే బ్రాండు ఇన్‌టేక్ కోసం రాసినది. అందుకే ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 11 శాతం చూపిస్తోంది. అంటే పెట్రోలు చాలడం లేదని కంప్యూటర్ అదనంగా పోస్తూ ఉంది. పైగా ఈ ఇంజిన్ కంప్రెషన్ 12:1, ఎండాకాలంలో నాకింగ్ (పెట్రోలు వేళ తప్పి అంటుకోవడం) తొందరగా వస్తుంది. నాక్ సెన్సర్ అది గమనిస్తే, కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేసింది. పవర్ తగ్గింది అందుకే. ఇంజిన్ బతికిందంటే ఆ సెన్సర్ పుణ్యమే.

రెండోసారి నా కారు లాగులు చూసి ఫైలు రాసే ట్యూనర్‌ని పట్టుకున్నాను. ఫైలు ఎక్కించడం, మూడో గేర్‌లో ఖాళీ స్ట్రిప్ మీద లాగ్ తీయడం, పంపడం, సవరించిన ఫైలు మళ్లీ ఎక్కించడం. ఇలా ఐదుసార్లు. చివరికి 423 వచ్చింది, ట్రిమ్‌లు మూడు శాతం లోపల నిలిచాయి. పంతొమ్మిది హార్స్ పవర్ అంటే వినడానికి చిన్న అంకె. నాకు నచ్చింది మాత్రం పికప్. యాక్సిలరేటర్ తొక్కగానే ఆలస్యం లేకుండా లాగుతుంది.

ఈ ఫైలు 93 ఆక్టేన్ పెట్రోలు కోసం రాసినది. ఇక్కడి 93, ఇండియా లెక్కలో సుమారు 98 అవుతుంది, రెండు దేశాల కొలత వేరు. న్యూ మెక్సికో, కొలరాడో వైపు ప్రీమియం అంటే 91 మాత్రమే. అటు ప్రయాణమైతే బయల్దేరే ముందు 91 ఫైలు ఎక్కించుకుంటాను.

ఫ్లాష్ చేశాక, అంటే కొత్త ఫైలు ఎక్కించాక, కారు సొంత పరీక్షల రికార్డు చెరిగిపోతుందని చాలామందికి తెలియదు. టెక్సస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 నుంచి తీసేసినా, మా కాలిన్ కౌంటీలో ఎమిషన్ (పొగ) టెస్టు ఇంకా ఉంది. ఫైలు మార్చిన మర్నాడే వెళ్తే వెనక్కి పంపుతారు. కొన్ని రోజులు హైవే మీదా, సిటీలోనూ మామూలుగా నడిపి, చవక స్కానర్‌తో ఆ సొంత పరీక్షలు (మానిటర్లు) పూర్తయ్యాయో లేదో చూసుకుని వెళ్లండి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు మాత్రం తీయొద్దు. చట్టం ఒప్పుకోదు, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

ఆయిల్ ఐదు వేల మైళ్లకోసారి మారుస్తాను, ఒక్కసారికి పది క్వార్టులు పడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ ఏడాదికోసారి. ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే సూపర్‌చార్జర్ వేయమని స్నేహితులు అంటూనే ఉన్నారు. నేను వేయను. ఈ మధ్య నాలుగో గేర్‌లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. క్లచ్ అరిగింది. వచ్చే నెల దింపి, ఫ్లైవీల్‌తో సహా కొత్తది వేయిస్తున్నాను.