తల్లికి వందనం డబ్బుల కోసం నెట్ సెంటర్లో వేలిముద్ర పెట్టకండి

విజయవాడ సింగ్ నగర్, పైపుల రోడ్డు వైపు ఉండే అమ్మలకి ముఖ్యంగా చెబుతున్నా. 'ఎన్‌పీసీఐ లింక్ చేయబడును' అని బోర్డు పెట్టిన షాపులో నేను ఇరుక్కున్నాను (ఎన్‌పీసీఐ అంటే మన ఆధార్ ఏ బ్యాంకుకి కలిసిందో లెక్క ఉంచే సంస్థ).

తల్లికి వందనం అంటే చదువుకునే పిల్లల తల్లుల ఖాతాలో ఏపీ ప్రభుత్వం వేసే డబ్బు. 2025లో దానికి మా పాపకి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. హాజరు 75 శాతం దాటింది, సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (మా ఇంట్లోవాళ్ల పేర్లన్నీ ఒకే కుటుంబం కింద ఉన్నాయా అని) చూపించుకున్నాను, కరెంటు 300 యూనిట్ల దరిదాపులకు కూడా రాదు (ఏసీ ఉంటే కదా!). నా ఖాతాకి ఆధార్ లింక్ ఉందా లేదా అనేదొక్కటే డౌటు. బ్యాంకులో క్యూ చూసి భయపడి ఆ నెట్ సెంటర్‌కి వెళ్లాను.

షాపువాడు 300 రూపాయలు అడిగాడు, ఇచ్చాను. 'వేలు పడట్లేదక్కా, తుడుచుకుని మళ్లీ పెట్టండి' అంటూ మూడుసార్లు పెట్టించాడు. గిన్నెలు తోమే చేతులు కదా, గీతలు అరిగాయేమో అనుకున్నాను. జూన్ 12 తర్వాత పక్కింటావిడకి 13,000 పడ్డాయి, నాకు మెసేజే లేదు. టెన్షన్‌తో సచివాలయానికి వెళ్తే 'పడ్డాయి కదమ్మా' అని స్క్రీన్ చూపించారు. నేనెప్పుడూ గడప తొక్కని బ్యాంకు పేరుంది అక్కడ! నా వేలిముద్రలతో నా పేరున కొత్త ఖాతా తెరిచి, ఆధార్‌ని దానికి కలిపేశాడు. వెళ్లి అడిగితే 'ఇక్కడే తీసుకోండక్కా, వెయ్యికి 20 కమీషన్' అన్నాడు. నా డబ్బుకి నేనే 260 కట్టాను.

ఆధార్‌ని ఎన్ని ఖాతాలకైనా ఇచ్చుకోవచ్చు, కానీ పథకాల డబ్బు మాత్రం ఎన్‌పీసీఐలో చివరగా ఎక్కిన బ్యాంకులోకే పోతుందట. మా బ్యాంకు మేడం చెప్పేదాకా నాకు తెలియదు. ఫారం నింపి, ఆధార్ జిరాక్స్ ఇస్తే పైసా తీసుకోకుండా పాత ఖాతాకే మార్చారు. మా బాబు ఒకటో తరగతి, వాడి డబ్బులు జూలైలో సరైన ఖాతాలోనే పడ్డాయి.

మైఆధార్ సైట్‌లో ఓటీపీతో వెళ్తే 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' దగ్గర మీ బ్యాంకు పేరు కనిపిస్తుంది. అక్కడే బయోమెట్రిక్ లాక్ (మన వేలిముద్రలు ఎవరూ వాడకుండా తాళం వేయడం) కూడా చేసుకోవచ్చు, నేను చేసేశాను. మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.

అన్నట్టు, 15,000 అని చెప్పి 13,000 వేశారేంటని ఎవరితోనూ గొడవపడకండి. ఆ 2,000 బడి నిర్వహణకి పట్టుకుంటారు, అందులో షాపువాడి చెయ్యి లేదు.