గనుల కేసుల సహాయ కేంద్రం, విశాఖపట్నం: ఆరుసార్లు వెళ్లాక

విశాఖపట్నం జిల్లా కోర్టుకు దగ్గరలో, ఒక మేడ మీది రెండు గదుల్లో, గనులు, క్వారీల వల్ల నష్టపోయే గ్రామాలకు ఫీజు తీసుకోకుండా న్యాయ సహాయం అందించే కేంద్రం ఉంది. అనంతగిరి మండలంలో నేను ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరివారు, తమ కొండ మీద రాతి క్వారీకి అనుమతి వచ్చిందని తెలిసి నన్ను తోడు రమ్మనడంతో, గత వేసవి నుంచి ఆరుసార్లు అక్కడికి వెళ్లాను.

మొదటి రోజు మేము దుమ్ము గురించి, ఊటగెడ్డ గురించి చెప్పబోతుంటే, న్యాయవాది ముందుగా రెండే విషయాలు అడిగారు: పర్యావరణ అనుమతి ఏ తేదీది, లీజు ఎవరి పేరున ఉంది. అనుమతిపై చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి అప్పీలు చేసుకోవడానికి గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఇస్తారు, అది దాటితే తలుపు మూసుకుపోయినట్టే. ఈ లెక్క ఆ రోజే తెలియకపోయి ఉంటే మేము కలెక్టరుకు అర్జీలు పెట్టుకుంటూ ఆ కాలమంతా పోగొట్టుకునేవాళ్లం.

లీజు విషయంలో ఆమె 1997 నాటి సమతా తీర్పును తెలుగులో, ఓపికగా వివరించారు. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే గిరిజనులకు ప్రత్యేక రక్షణలున్న ప్రాంతంలో, భూమిని గిరిజనేతరులకు బదలాయించరాదనే నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, కాబట్టి ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. బొర్రా చుట్టుపక్కల ఊళ్ల నుంచే ఆ కేసు వెళ్లిందని విన్నప్పుడు మాతో వచ్చిన పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మా ఊరి లీజు ఒక గిరిజనుడి పేరునే ఉంది. అయితే పొక్లెయిన్ ఎవరిది, డబ్బు ఎవరి ఖాతాకు చేరుతోంది అన్నవి తేలితేనే బినామీ సంగతి బయటపడుతుందని, ఏ కాగితం ఏ కార్యాలయంలో అడగాలో ఆమె రాసిచ్చారు.

ఈ కేంద్రం పనితనం నాకు బాగా తెలిసింది గ్రామసభ తీర్మానం దగ్గర. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తుతో తీర్మానం నకలు తెప్పించి, ఆమె తేదీ, వారం పైకి చదివారు. ‘ఆ రోజు సంత కదా, ఊళ్లో ఎవరుంటారు?’ అన్నారు పెద్దాయన. అంతవరకు సంతకాలనే చూస్తున్న మేమంతా ఆ మాటతో ఉలిక్కిపడ్డాం. ఆ ఒక్క వాక్యం ఇప్పుడు అప్పీలులో ఉంది.

లోపాలు కూడా చెప్పాలి, ఎందుకంటే వాటి భారం మోసేది కొండమీది వాళ్లే. వేరే కేసుల వల్ల మా అప్పీలు చిత్తుప్రతి రెండు వారాలు కదలలేదు, ఆ సంగతి మాకు ఫోనులోనైనా చెప్పలేదు. 30 రోజులు దాటిపోయి, ఆలస్యాన్ని మన్నించమనే పిటిషను కూడా జతచేయవలసి వచ్చింది. పత్రాలన్నీ ఇంగ్లీషులోనే తయారవుతాయి, తెలుగు ప్రతి అడిగితే గానీ ఇవ్వరు. కువి అనే గిరిజన భాష మాత్రమే బాగా వచ్చిన ఇద్దరు మహిళలకు అక్కడ దుబాసీ లేక, నాకు తెలిసిన అరకొర మాటలతో నెట్టుకొచ్చాను. వాళ్ల నీటి గెడ్డ గురించిన వాంగ్మూలం అలా కుదించుకుపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పైగా శనివారాలు మాత్రమే తెరుస్తారు. ఎస్.కోట మీదుగా బస్సులో వచ్చి వెళ్లడమంటే ఒక్కొక్కరికి ఒక రోజు కూలి పోతుంది.

అయినా క్వారీ అనుమతి గురించి విన్న వెంటనే అక్కడికి వెళ్లమనే చెబుతాను. అనుమతి ప్రతి, అది ఊరివారికి తెలిసిన తేదీకి రుజువు, పట్టాలు, అటవీ హక్కు పత్రాల నకళ్లు తీసుకెళ్లండి. తెలుగు రానివారు ఉంటే దుబాసీని ఊరి నుంచే వెంటబెట్టుకెళ్లండి. చిత్తుప్రతి ఏ రోజుకు ఇస్తారో అడిగి, ఆ తేదీని వాళ్ల రిజిస్టరులో రాయించండి.